గ్రాడ్యుయేట్ వీసాకు మారే ముందు ఈ లెక్క చూసుకో తమ్ముడూ

లెస్టర్ నుంచి:

అన్నలకూ అక్కలకూ నమస్కారం. మాది ఖమ్మం. సెప్టెంబర్‌లో యూకే వచ్చి ఇక్కడ కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్సీ చేస్తున్నాను. కోర్సు అవగానే ఇక్కడే ఉండి ఉద్యోగం చూసుకోవడానికి రెండేళ్ల గ్రాడ్యుయేట్ వీసా తీసుకో, స్పాన్సర్‌షిప్ (కంపెనీయే పూచీ ఉండి ఉద్యోగ వీసా ఇప్పించడం) సంగతి తర్వాత చూసుకోవచ్చు అని సీనియర్లు అంటున్నారు. కానీ ఇంటర్వ్యూ దాకా వచ్చిన కంపెనీలు కూడా స్పాన్సర్‌షిప్ మాట ఎత్తగానే వెనక్కి తగ్గుతున్నాయి. ఖర్చు నిజంగా అంత పెరిగిందా? నాన్న లోన్ తీసుకుని పంపారు, టెన్షన్‌గా ఉంది.

స్లౌ నుంచి:

పెరిగిన మాట నిజమే తమ్ముడూ. 2024 ఏప్రిల్ వరకు స్కిల్డ్ వర్కర్ వీసాకు, అంటే కంపెనీ స్పాన్సర్ చేస్తే వచ్చే ఉద్యోగ వీసాకు, మామూలు కనీస జీతం ఏడాదికి 26,200 పౌండ్లు. అప్పుడు దాన్ని 38,700 చేశారు, 2025 జూలై 22న 41,700 చేశారు. అదే రోజు డిగ్రీ స్థాయి లేని ఉద్యోగాలను ఈ వీసా లిస్టు నుంచి చాలావరకు తీసేశారు, వృద్ధుల్నీ రోగుల్నీ చూసుకునే కేర్ పనికి బయటి దేశాల నుంచి మనుషుల్ని తెచ్చుకోవడమూ ఆపేశారు. చిన్న కంపెనీలు బెదిరిపోవడంలో వింత లేదు. మిగతాది రెడింగ్ అక్కను అడుగు, వాళ్ల ఆఫీసులో ఈ కాగితాలన్నీ ఆవిడ చేతి మీదుగానే వెళ్తాయి.

రెడింగ్ నుంచి:

తమ్ముడూ, సీనియర్లు నీ మంచి కోరే చెప్పారు. కానీ వాళ్లు ఉద్యోగాలు వెతుక్కున్నప్పటి లెక్కలు వేరు. నేనైతే స్టూడెంట్ వీసా మీద ఉండగానే స్పాన్సర్‌ని వెతుక్కోమంటాను. గ్రాడ్యుయేట్ వీసా రెండో దారిగా ఉంచుకో.

ఎందుకో చెప్తాను. కంపెనీ మీద పడే పెద్ద ఖర్చు ఇమిగ్రేషన్ స్కిల్స్ చార్జ్, అంటే బయటి దేశం మనిషిని స్పాన్సర్ చేసినందుకు ప్రభుత్వానికి కట్టేది. 2017లో పెట్టిన నాటి నుంచి పెద్ద కంపెనీకి ఏడాదికి 1,000 పౌండ్లు ఉండేది. 2025 డిసెంబర్ 16 నుంచి 1,320 అయింది. చిన్న కంపెనీకి 364 ఉన్నది 480 అయింది. దీనికి తోడు వీసా కోసం కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్, మనమంతా సీఓఎస్ అంటామే, దాని ఫీజు 2025 ఏప్రిల్‌లో ఒక్కసారిగా 239 నుంచి 525కి వెళ్లింది. అంటే గ్రాడ్యుయేట్ వీసా మీద ఉన్న నిన్ను పెద్ద కంపెనీ మూడేళ్లకు తీసుకుంటే చార్జ్ 3,960, సీఓఎస్ 525, వెరసి 4,485 పౌండ్లు. అదే నువ్వు స్టూడెంట్ వీసా నుంచి నేరుగా స్కిల్డ్ వర్కర్‌కు మారితే ఆ చార్జ్ మినహాయింపు. కంపెనీ కట్టేది 525 మాత్రమే.

మా ఆఫీసులో కొత్త మనిషిని తీసుకోవాలంటే మేనేజర్ నింపే ఫారంలో వీసా ఖర్చుకు ఒక గడి ఉంటుంది. అందులో నాలుగు వేలు దాటిన అంకె ఉంటే ఆ ఫారం పైవాళ్ల సంతకం కోసం వారాల తరబడి అక్కడే పడి ఉంటుంది. ఐదొందల చిల్లర ఉంటే అదే రోజు తిరిగొస్తుంది. మన పిల్లలు మంచి మార్కులూ ప్రాజెక్టులూ ఉండి కూడా ఆ గడి దగ్గర ఆగిపోతుంటే చూడలేకపోతున్నాను.

జీతం విషయంలోనూ ఇంతే. కొత్తగా చదువు ముగించినవాళ్లకు న్యూ ఎంట్రెంట్ కింద కనీస జీతం 41,700 కాదు, 33,400. ఆ ఉద్యోగానికి ప్రభుత్వం పెట్టిన రేటులో 70 శాతం ఇంతకన్నా ఎక్కువైతే అది ఇవ్వాలి. సాఫ్ట్‌వేర్‌కు ఎక్కువే ఉంటుంది, ప్రభుత్వ వెబ్‌సైట్ గవ్.యూకేలో నీ ఉద్యోగం కోడ్ పట్టుకుని చూడు. ఈ సడలింపు మొత్తం నాలుగేళ్లే, అందులో గ్రాడ్యుయేట్ వీసా మీద గడిపిన కాలాన్నీ కలుపుతారు. రెండేళ్లు అలా గడిపేస్తే మిగిలేది రెండేళ్లే.

హెచ్చార్‌లో అందరికీ ఈ మినహాయింపు గుర్తుండదు. నువ్వే అడుగు. "నేను స్టూడెంట్ వీసా నుంచి మారుతున్నాను, నా మీద స్కిల్స్ చార్జ్ పడదు, న్యూ ఎంట్రెంట్ జీతం వర్తిస్తుంది" అని మెయిల్‌లో ఒక్క వాక్యం రాయి. స్పాన్సర్ చేసే లైసెన్స్ లేని కంపెనీతో ఊరికే తిరగకు. స్పాన్సర్ల లిస్టు గవ్.యూకేలో అందరికీ కనిపించేలా ఉంటుంది, అప్లై చేసే ముందే పేరు వెతుక్కో.

ఇక నీ వంతు. ఇక్కడి నుంచే మూడేళ్లకు అప్లై చేస్తే వీసా ఫీజు 2025 ఏప్రిల్ నాటి రేటు ప్రకారం 885. ఇక్కడి ప్రభుత్వ వైద్యం కోసం కట్టే హెల్త్ సర్‌చార్జ్‌ని 2024 ఫిబ్రవరిలో ఏడాదికి 624 నుంచి 1,035కి పెంచారు, మూడేళ్లది ఒకేసారి కట్టాలి, అది 3,105. ఆ లెక్కన రెండూ కలిపి 3,990 పౌండ్లు, మన డబ్బుల్లో నాలుగున్నర లక్షల పైమాటే. కొన్ని కంపెనీలు ఇవి భరిస్తాయి, కొన్ని భరించవు. ఆఫర్ లెటర్ చేతికి రాకముందే అడుగు. భరిస్తే, మధ్యలో మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు ఉందేమో చదువుకుని సంతకం పెట్టు. ఏప్రిల్‌లో ఫీజులు మార్చడం వాళ్లకు అలవాటే, అప్లై చేసే రోజు మళ్లీ చూసుకో.

హ్యాట్‌ఫీల్డ్ నుంచి:

అక్క చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. ఖర్చు పెరిగేకొద్దీ సీఓఎస్ అమ్ముతామనే కన్సల్టెన్సీలు ఎక్కువయ్యాయి. లక్షలు తీసుకుంటారు, జీతం బ్యాంకులో వేసినట్టు చూపించి వెనక నుంచి క్యాష్ అడుగుతారు. స్కిల్స్ చార్జ్, సీఓఎస్ ఫీజు, లైసెన్స్ ఫీజు ఉద్యోగి నుంచి వసూలు చేయకూడదు, అది రూలు. అలా అడిగాడంటే వాడు ఎంత దగ్గరివాడైనా ఫోన్ పెట్టేయ్. నాకు తెలిసిన కుర్రాడు ఇలాగే అప్పు చేసి కట్టాడు. కంపెనీ లైసెన్స్ పోయింది, కొత్త స్పాన్సర్‌ని వెతుక్కోవడానికి 60 రోజులిచ్చారు, దొరకలేదు. కట్టిన డబ్బు ఒక్క రూపాయి తిరిగి రాలేదు. ఊళ్లో ఇంకా వడ్డీ కడుతున్నారు.

లెస్టర్ నుంచి:

చాలా థ్యాంక్స్ అక్కా, అన్నా. స్టూడెంట్ వీసా మీద ఉండగా దొరక్కపోతే ఎలా?

రెడింగ్ నుంచి:

అప్పుడు గ్రాడ్యుయేట్ వీసాయే, అందులో తప్పేం లేదు. కాకపోతే తేదీ చూసుకో. ఏడాది కోర్సు అయ్యాక మామూలుగా నాలుగు నెలలు వీసా ఉంటుంది, అంటే నీది 2027 జనవరి దాకా ఉండొచ్చు. 2027 జనవరి 1 నుంచి అప్లై చేసినవాళ్లకు గ్రాడ్యుయేట్ వీసా 18 నెలలే ఇస్తారు. డిసెంబర్ 31 లోపు పెట్టుకుంటే రెండేళ్లు. యూనివర్సిటీ నీ కోర్సు పూర్తయిందని వీసాలు చూసే హోమ్ ఆఫీస్‌కు చెప్పాకే అప్లై చేయగలవు కాబట్టి రిజల్ట్ ఎప్పుడిస్తారో, ఎప్పుడు చెప్తారో ఇంటర్నేషనల్ ఆఫీసులో ఇప్పుడే అడుగు. సీవీ నాకు పంపించు, ఈ వారాంతం చూసి పెడతాను.