చాలు – చావు: వేమన పద్యంలో ఒక్క అక్షరం

రాలీ (నార్త్ కరోలినా) నుండి ప్రశ్న:
ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరో విద్యార్థుల స్మరణ సందర్భంగా మా తెలుగు బడి పిల్లలు చదవవలసిన వ్యాసానికి వేమన పద్యం ఒకటి తలకట్టుగా పెట్టదలచాను. "చంపదగినయట్టి శత్రువు తనచేత జిక్కెనేని కీడు సేయరాదు" అన్నంతవరకు నోటికి వచ్చింది. మూడవ పాదం "పొసగ మేలు చేసి పొమ్మనుటే చాలు" అని వల్లించినట్టు గుర్తు. ఇంట్లో ఉన్న ప్రతిలో మాత్రం "పొమ్మనుటే చావు" అని ఉన్నది. 1960లో వూల్‌వర్త్ దుకాణంలో తెల్లవారికి మాత్రమే వడ్డించే లంచ్ కౌంటర్ దగ్గర కాఫీ అడిగి, ఇవ్వబోమన్నా లేవకుండా కూర్చున్న ఆ నలుగురు మొదటి సంవత్సరం నల్లజాతి విద్యార్థులకు ఈ రెండు పాఠాల్లో (పద్య రూపాల్లో) ఏది తగునో పెద్దలు చెప్పగలరు.

తెనాలి మాస్టారు:
ఛందస్సు ఇక్కడ తీర్పు చెప్పదు. రెండు మాటలూ గురులఘువులే. "పొమ్మను" భగణం, "టే చావు" తగణం, యతి "పొ"కు "పొ" కనుక ఏది పెట్టినా ఆటవెలది చెక్కుచెదరదు. నేను "చావు" పక్షమే. పిల్లల పుస్తకంలో "చావు" అన్న మాట ఎందుకని ఎవరో మెత్తబరచి "చాలు" చేసి ఉంటారు. మెత్తని మాటను కరకుగా మార్చే సంపాదకుడు ఉండడు. పైగా "చాలు" అంటే పద్యం ఉపదేశంగా ఆగిపోతుంది, "చావు" అంటేనే వేమన కనిపిస్తాడు. కొట్టకుండానే శత్రువును చంపే ఉపాయం చెబుతున్నాడాయన.

హైదరాబాదు నుండి ఒక సభ్యురాలు:
మాస్టారూ, పాఠ నిర్ణయంలో మీ మాట కాదనను, కానీ సందర్భానికి అది సరిపడదు. అదే ఏడాది టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో ఇలాగే కౌంటర్ల దగ్గర కూర్చున్న విద్యార్థులకు శిక్షణ ఇచ్చిన జేమ్స్ లాసన్ 1950లలో నాగపూర్‌లోని హిస్లాప్ కళాశాలలో పనిచేస్తూ గాంధీ మార్గాన్ని అధ్యయనం చేసి వెళ్లినవారు. ఎదుటివాడిని అవమానంతో చంపడం ఆయన బోధ కాదు, రేపు అదే ఊళ్లో అతనితో కలిసి బతకాలన్నది బోధ. మేలు చేయడంలో చంపాలన్న తలపు ఉంటే అది మేలు ఎలా అవుతుంది? అందుకే "చాలు" అంటాను.

నెల్లూరు నుండి:
మీరిద్దరూ చివరి మాట దగ్గర ఆగిపోయి రెండవ పాదాన్ని వదిలేశారు. "చిక్కెనేని" అన్నాడు వేమన. శత్రువును తన గుప్పిట్లో పెట్టుకున్నవాడికి చెప్పిన నీతి ఇది. ఆ విద్యార్థుల గుప్పిట్లో ఎవరున్నారు? 1960 ఫిబ్రవరి 27న నాష్‌విల్‌లో అల్లరిమూక వారిని స్టూళ్ల మీద నుండి లాగి కొట్టింది, ఒంటి మీద సిగరెట్లు ఆర్పింది. పోలీసులు వచ్చి పట్టుకుపోయినది మాత్రం దెబ్బలు తిన్న విద్యార్థులను. ఒక వరుసను తీసుకుపోతే మరో వరుస వచ్చి అవే స్టూళ్లలో కూర్చున్నది. చాలామంది జరిమానా కట్టము, జైలుకే పోతామన్నారు. ఇటువంటివారికి సుమతి పద్యం తగును: "అపకారికి నుపకారము నెపమెన్నక సేయువాడు నేర్పరి సుమతీ." అక్కడ "నేర్పరి" అన్న మాట చూడండి. ఓర్పు పుట్టుకతో రాదు, నేర్చుకోవాలి. లాసన్ చర్చి నేలమాళిగలో చేయించినది అదే: కొందరు మూకగా నటించి తిట్టేవారు, జుట్టు లాగేవారు, ముఖాన పొగ ఊదేవారు, మిగిలినవారు చేయి ఎత్తకుండా కూర్చోవడం అభ్యసించేవారు. నిటారుగా కూర్చోవాలి, ఎప్పుడూ కౌంటర్ వైపే తిరిగి ఉండాలి, తిట్టినా కొట్టినా బదులివ్వరాదు అని నియమాలు కాగితం మీద అచ్చువేసి పంచారు.

నాష్‌విల్ నుండి:
సుమతి పద్యం మంచిదే, కాదనను, కానీ "చిక్కెనేని" ఇక్కడ పొసగదనడం తొందరపాటు. ఈస్టర్ రోజుల్లో ఈ ఊరి నల్లజాతి కుటుంబాలు నడిబొడ్డు దుకాణాల్లో కొనుగోళ్లు మానుకున్నాయి. వర్తకులు అప్పుడు చిక్కారు. ఆ చిక్కినవారితో విద్యార్థులు ఎలా వ్యవహరించారో చూస్తే "పొసగ" అన్న మాటకు నిండైన అర్థం తెలుస్తుంది. ఒప్పందం ప్రకారం ముందుగా వర్తకులకు తెలిసిన రోజున చిన్న చిన్న బృందాలుగా వెళ్లి భోజనం అడిగారు, సిబ్బందిని సిద్ధం చేసుకోవడానికి వారికి వ్యవధి ఇచ్చారు, పత్రికలను హంగామా చేయవద్దని కోరారు. గెలిచినవారు ఓడినవారి పరువు కాపాడారు. 1960 మే 10న ఆరు దుకాణాలు మొదటిసారి నల్లజాతివారికి కౌంటర్ దగ్గర వడ్డించాయి. "పొసగ" అంటే "బాగుగా" అని వ్యాఖ్యానాలు చప్పగా తేల్చేస్తాయి. "ఎదుటివాడికి ఇమిడేటట్టు" అన్నదే నాకు సరైన అర్థంగా తోస్తుంది.

తెనాలి మాస్టారు:
ఆ అర్థం అంగీకరిస్తాను, అది నా "చావు"కే బలం. ఏప్రిల్ 19న నాష్‌విల్‌లో ఆ విద్యార్థుల తరఫు న్యాయవాది లూబీ ఇంటి మీద బాంబు పడిన రోజే వేలమంది మౌనంగా నగర సభాభవనానికి నడిచారు. మెట్ల మీద డయాన్ నాష్ అనే విద్యార్థిని మేయర్ బెన్ వెస్ట్‌ను, రంగును బట్టి మనిషిని వేరుచేయడం తప్పు కాదా అని సూటిగా అడిగింది. తప్పేనని ఆయన ఒప్పుకున్నాడు. అక్కడ చచ్చినది మేయరు కాదమ్మా, ఆయనలోని శత్రువు. వేమన "చావు" అన్నది దానినే.

హైదరాబాదు నుండి:
అది మీరు పద్యంలోకి తెచ్చిన అర్థం, మాస్టారూ. పద్యంలో ఉన్నది "పొమ్మనుట". విద్యార్థులు ఎవరినీ పొమ్మనలేదు. పొమ్మన్నది వారినే, వారు పోలేదు. ఈ ఒక్క మాట వల్లనే పద్యం మొత్తం తలకట్టుకు తగదేమోనన్న సందేహం ఇప్పుడు నాకు కలుగుతోంది.

రాలీ నుండి:
అందరికీ కృతజ్ఞతలు. "చావు" పాఠమే అచ్చువేసి కింద "చాలు" పాఠాంతరం చూపుతాను, "పొసగ"కు నాష్‌విల్ వారు చెప్పిన అర్థం రాస్తాను. గ్రీన్స్‌బరో వూల్‌వర్త్ 1960 జూలై 25న కౌంటర్ తెరిచినప్పుడు మొదట వడ్డించినది తన దగ్గర పనిచేసే నల్లజాతి సిబ్బందికేనన్న సంగతి కూడా వ్యాసంలో చేరుస్తున్నాను.

నెల్లూరు నుండి:
"పొసగ"కు ఆ అర్థం రాసేముందు వేమన మరెక్కడైనా ఆ మాటను అదే తీరున వాడాడేమో చూపమని నాష్‌విల్ వారిని కోరుతున్నాను. సుమతి పద్యంలో "నెపము" అంటే తప్పా, సాకా అన్నది కూడా తేలవలసి ఉన్నది.