పంటు ఎక్కలేని భయాన్ని ఎలా దాటాలి?

ప్రశ్న (వశిష్ఠ ఒడ్డు):
అందరికీ నమస్కారం. నేను నరసాపురంలో ఉంటాను. మా చెల్లెలి అత్తవారి ఊరు గోదావరి నదికి అవతల ఉన్న సఖినేటిపల్లి. పంటు (జనాన్ని, బండ్లను నది దాటించే పెద్ద పడవ) ఎక్కితే పావుగంటలో చేరగలిగిన ఆ ఊరికి, ఏళ్ల తరబడి పాలకొల్లు, చించినాడ వంతెన, దిండి, మలికిపురం మీదుగా చుట్టు తిరిగి వెళుతున్నాను. 1986 ఆగస్టు వరదలప్పుడు నాకు ఎనిమిదేళ్లు. నది మధ్యనున్న లంకలో మా ఇంటి అరుగు మీదికి నీరు రావడంతో మమ్మల్ని నాటుపడవలో గట్టుకు చేర్చారు. దారిలో అందరూ ఒకే పక్కకు జరగడంతో పడవ ఒరిగి, ఎర్రనీరు అంచు దాటి నా ఒళ్లోకి వచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు. అయినా ఇప్పటికీ రేవులో పంటు ఇంజను చప్పుడు వినగానే అరచేతులకు చెమట పట్టి, గుండెదడ మొదలై, వెనక్కి వచ్చేస్తాను. చెల్లెలికి పాప పుట్టిన రోజున కూడా రేవు దాకా వెళ్లి తిరిగి వచ్చాను. ఆ పాప ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. "పెద్దమ్మా, ఈసారి భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవానికి మనం పంటు మీదే వెళదాం" అని అడుగుతోంది. ఈ వయసులో ఈ భయం పోతుందా?

జవాబు (కాలవగట్టు):
అమ్మా, ఆలోచించే కొద్దీ భయం పెరుగుతుంది. ఒకరి చెయ్యి పట్టుకుని, కళ్లు మూసుకుని ఎక్కేయండి. అవతలి ఒడ్డుకు చేరాక మీకే ధైర్యం వస్తుంది.

జవాబు (మనస్తత్వశాస్త్ర అధ్యాపకుడు, అమలాపురం):
పై మిత్రుని సదుద్దేశాన్ని గౌరవిస్తూనే, ఆ సలహాతో విభేదిస్తున్నాను. కళ్లు మూసుకుని దాటిన మనిషికి నది ప్రమాదం లేకుండా గడిచిందన్న సంగతి కంటికి ఆనదు; "ఏదో అదృష్టం కొద్దీ గట్టెక్కాను" అన్న భావమే మిగులుతుంది.

అమ్మా, మీరు రేవు నుంచి వెనుదిరిగిన ప్రతిసారీ గుండెదడ తగ్గి, ప్రాణం కుదుటపడి ఉంటుంది. ఆ ఉపశమనమే భయానికి మేత. వెనక్కి వచ్చినందువల్లనే బతికామని మనసు ప్రతిసారీ నేర్చుకుంటుంది కాబట్టి, మరుసటిసారి మరింత ముందుగానే హెచ్చరిస్తుంది. నిజానికి ఆ దడ అలా పెరుగుతూనే పోదు. పారిపోకుండా అక్కడే నిలబడితే ఒక స్థాయికి చేరి, క్రమంగా దిగిపోతుంది. అది దిగడాన్ని మీరు ఒక్కసారైనా ఆ రేవులోనే చూడాలి.

1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, కుందేలును చూస్తే హడలిపోయే సుమారు మూడేళ్ల పిల్లవాడికి ఇష్టమైన తినుబండారం పెట్టి, బోనులోని కుందేలును ముందు దూరంగా ఉంచి, రోజురోజుకూ కొంచెం దగ్గరికి తెచ్చారు. చివరికి ఆ కుందేలు తన వేళ్లను కొరుకుతున్నా ఆ పిల్లవాడు చెయ్యి వెనక్కి తీసుకోలేదు. మీరు చేయవలసినదీ ఇదే. మొదట రేవు మెట్ల మీద కూర్చోండి. తరువాత ఒడ్డుకు కట్టి ఉన్న పంటు మీద నిలబడండి. ఏ మెట్టు దగ్గరైనా దడ సగానికి తగ్గే వరకు కదలకండి. దడ బాగా ఎక్కువగా ఉన్నప్పుడే దిగి వచ్చేస్తే పాత పాఠమే మళ్లీ నేర్చుకున్నట్లవుతుంది. ఈ దడ పంటు దగ్గరే కాక ఇంట్లోనూ, నిద్రలోనూ పట్టి పీడిస్తుంటే మాత్రం మానసిక వైద్యులను కలవండి. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు 14416 నంబరులో ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

జవాబు (సరంగు కొడుకు):
మా నాన్నగారు సరంగుగా, అంటే పడవ నడుపుతూ, జీవితమంతా ఈ నది మీదే గడిపారు. నదికి భయపడని సరంగును నమ్మవద్దని ఆయన అనేవారు. కాబట్టి మీ భయమంతా తప్పని అనుకోకండి. జనం కిక్కిరిసినా, నదిలో వరద నీరు ఉన్నా ఎక్కకపోవడం వివేకమే. లైఫ్ జాకెట్ అడిగి వేసుకోవడంలో చిన్నతనం లేదు. వేసవిలో మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తిరిగి నీరు రేగుతుంది, తెల్లవారుజామున అద్దంలా ఉంటుంది. మీ మొదటి ప్రయాణానికి ఆ వేళను ఎంచుకోండి. ఇంకొక మాట: రథోత్సవం రోజున రేవు జనంతో నిండిపోతుంది, ఆ రోజును మొదటి ప్రయాణంగా పెట్టుకోకండి. అంతకు ముందే నాలుగైదు సార్లు దాటి ఉండండి.

ప్రశ్న అడిగినవారు (పది రోజుల తరువాత):
అందరికీ కృతజ్ఞతలు. నాలుగు రోజులు మెట్ల మీద కూర్చున్నాను. ఐదవ రోజున, కట్టి ఉన్న పంటు మీద మా వారు పక్కన ఉండగా నిలబడ్డాను. ఒక పాలవాడు క్యాన్లు కట్టిన సైకిలును పక్కనే నిలబెట్టగా బల్లలు కొంచెం కదిలాయి, నేను ఇనుప కమ్మీని గట్టిగా పట్టుకున్నాను. గడియారం చూసుకున్నాను. దడ తగ్గడానికి పద్దెనిమిది నిమిషాలు పట్టింది, కానీ తగ్గింది. నిన్న అదే చోట పదకొండు నిమిషాలే పట్టింది. వచ్చే ఆదివారం తెల్లవారుజామున మొదటి పంటుకు దాటుతాను. పాపకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు, వాళ్ల ఇంటి గుమ్మంలో నిలబడి చెబుతాను.