విండ్‌సర్ఫింగా, కైట్‌సర్ఫింగా? బే ఏరియాలో కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఏది నయం?

ఫ్రీమాంట్_82:
అందరికీ నమస్కారం. ఉండేది శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలోని ఫ్రీమాంట్‌లో. బరువు 82 కిలోలు, స్విమ్మింగ్ పూల్‌లో ఆగకుండా 300 మీటర్లు ఈదగలను. వారాంతంలో ఒక్క పూటే కుదురుతుంది. అపార్ట్‌మెంట్, సెడాన్ కారు. విండ్‌సర్ఫింగ్ అంటే బోర్డుకి బిగించిన తెరచాప (సెయిల్)తో, కైట్ అంటే తాళ్లతో పట్టుకునే పెద్ద గాలిపటంతో నీళ్ల మీద సాగడం. ఎవర్ని అడిగినా “విండ్‌సర్ఫింగ్ మొదట సులువు, తర్వాత కష్టం, కైట్ మొదట కష్టం, తర్వాత సులువు” అంటున్నారు. ఆ కష్టం అసలు ఎక్కడ? ఏ సైజు సామానుతో మొదలుపెట్టాలి? ముందు విండ్‌సర్ఫింగ్ నేర్చుకుంటే కైట్‌కి పనికొస్తుందా?

తెరచాప:
ఆ మాట నిజమే గానీ, మీ విషయంలో తేల్చేది గాలండీ. విండ్‌సర్ఫింగ్ మొదటి పాఠాలకి 6 నుంచి 10 నాట్స్ (ఒక నాట్ అంటే గంటకి సుమారు 1.85 కి.మీ.) గాలి చాలు. మీ బరువుకి 12 చదరపు మీటర్ల కైట్‌తో బోర్డు మీద లేచి సాగాలంటే 14 నాట్స్ అయినా నిలకడగా ఉండాలి. ఇక్కడ ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఆ గాలి మధ్యాహ్నాలే వస్తుంది. లోపలి మైదానమైన సెంట్రల్ వ్యాలీ కాగి అక్కడి వేడిగాలి పైకి లేస్తే, సముద్రం మీది చల్లగాలి గోల్డెన్ గేట్ సందులోంచి లోపలికి దూరుతుంది. మీకు దొరికే పూట పొద్దున్నే అయితే కైట్ మాట పక్కన పెట్టేయండి.

మొదలుపెట్టడానికి మౌంటెన్ వ్యూలోని షోర్‌లైన్ లేక్ బాగుంటుంది. చిన్న చెరువు, అలలుండవు, ఎటు కొట్టుకుపోయినా ఒడ్డే. అద్దె సామాను ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఘనపరిమాణం 200 లీటర్లకు తగ్గని, మధ్యలో డాగర్‌బోర్డ్ (పక్కకి జారకుండా నీళ్లలోకి దించే పలక) ఉన్న బోర్డు అడగండి, సెయిల్ 4.5 నుంచి 5 చదరపు మీటర్లు. 130 లీటర్ల బోర్డు చూడ్డానికి బాగుంటుంది, కానీ మీరు ఎక్కి సెయిల్ లేపేలోపు అటూ ఇటూ ఊగి పడేస్తుంది.

బోర్డు గాలికి అడ్డంగా, సెయిల్ గాలి పోయే వైపున ఉండాలి. మాస్ట్‌కి (సెయిల్‌ని నిలిపే స్తంభం) అటొక పాదం, ఇటొక పాదం. అప్‌హాల్ తాడు (సెయిల్‌ని నీళ్లలోంచి లేపే తాడు) పట్టుకుని మోకాళ్లు వంచి, వీపు నిటారుగా ఉంచి, ఒంటి బరువుతో వెనక్కి వాలండి. సెయిల్ మీది నీళ్లు కారిపోయేదాకా అంతే, ఆగాలి. ఆగలేక అందరూ నడుముతో గుంజుతారు, అరగంటకి నడుం పట్టేస్తుంది. నీళ్లు కారగానే సెయిల్ ఒక్కసారిగా తేలికవుతుంది. అప్పుడూ అదే బలంతో గుంజితే వెల్లకిలా నీళ్లలో పడతారు.

తర్వాత ముందు చెయ్యి బూమ్ (సెయిల్‌ని పట్టుకునే అడ్డకర్ర) మీదికి, ఆపైన వెనక చెయ్యి. మాస్ట్ ముందుకు వాలిస్తే బోర్డు ముక్కు గాలికి దూరంగా తిరుగుతుంది, వెనక్కి వాలిస్తే గాలివైపు. బెదురు పుడితే వెనక చెయ్యి వదిలేయండి. సెయిల్ జెండాలా కొట్టుకుంటుంది, లాగడం ఆగిపోతుంది. ఈ ఒక్కదాని కోసమే కొత్తవాళ్లకి విండ్‌సర్ఫింగ్ చెబుతాను.

కష్టం తర్వాత వస్తుంది. 15 నాట్స్‌లో చిన్న బోర్డు మీద హార్నెస్ (సెయిల్ లాగుడుని ఒంటి బరువుతో మోసే నడుము పట్టీ), ఫుట్‌స్ట్రాప్స్ (పాదాలు దూర్చే పట్టీలు) వాడుతూ నీటిపై జారుకుంటూ వెళ్లడం, ఆ వేగంలో జైబ్ (గాలి వెనక నుంచి వచ్చేలా తిరిగి దిశ మార్చే మలుపు) తిప్పడం. వారానికి ఒక్క పూటతో దానికి రెండు మూడు సీజన్లు పట్టినా ఆశ్చర్యపడకండి.

నాలుగు_తాళ్లు:
తెరచాప గారు గాలి గురించి చెప్పింది కరెక్ట్. ఆయన చెప్పిన “వెనక చెయ్యి వదిలేయడం” కైట్‌లోనూ ఉంది, అదే ఇక్కడ అసలు పాఠం. భయమేస్తే చేతిలో ఉన్నదాన్ని దగ్గరికి లాక్కోవడం మనిషి నైజం. కైట్ బార్ (తాళ్లు కట్టిన చేతికర్ర) దగ్గరికి లాగితే పవర్ పెరుగుతుంది! వదిలేస్తేనే తగ్గుతుంది. ఈ అలవాటు మారడానికే మొదటి రెండు మూడు గంటలూ 2, 3 చదరపు మీటర్ల ట్రైనర్ కైట్‌తో ఇసుక మీద గడపాలి.

గాలి తోపు వేగానికి వర్గంగా పెరుగుతుంది. 12 నాట్స్ 17 అయితే లాగుడు దాదాపు రెట్టింపు. కైట్ నెత్తి మీద నిలిపి ఒడ్డున కబుర్లు చెప్పేవాళ్లని ఒక్క గస్ట్ (హఠాత్తుగా వచ్చే గాలి విసురు) ఎత్తి పడేసేది ఇందుకే. కైట్ లాంచ్ కాగానే (గాల్లోకి లేవగానే) నీళ్లలోకి నడవండి.

యూట్యూబ్ చూసి సొంతంగా నేర్చుకునే ఆట కాదిది. 9 నుంచి 12 గంటల పాఠాలకి డబ్బు పక్కన పెట్టుకోండి. ముందు క్విక్ రిలీజ్, అంటే కైట్ లాగుడుని ఒక్కసారిగా తెంచేసే మీట. చూడకుండానే చేతికి తగలాలి. తర్వాత బోర్డు లేకుండా బాడీ డ్రాగ్ (కైట్ లాగుతుంటే ఒంటితోనే నీళ్లలో సాగడం), నీళ్లలో పడ్డ కైట్‌ని మళ్లీ లేపడం, చివర్న వాటర్ స్టార్ట్ (నీళ్లలోంచి కైట్ లాగుడుతో బోర్డు మీద లేవడం). గాలికి ఎదురుగా బాడీ డ్రాగ్ చేయడం విసుగని చాలామంది దాటేస్తారు. పడ్డాక బోర్డు గాలికి ఎగువన ఉండిపోతుంది, దాన్ని తెచ్చుకునే దారి అదొక్కటే.

చోటు అంటే అలమీడాలో క్రౌన్ బీచ్. ఇసుక, లోతు తక్కువ, పడమటి గాలి ఒడ్డు వైపుకు వాలుగా వీస్తుంది, కాబట్టి చెయ్యిజారినా ఒడ్డుకే చేరతారు. శాన్ ఫ్రాన్సిస్కోలోని క్రిసీ ఫీల్డ్ జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. ఆటు సమయంలో ప్రవాహం గోల్డెన్ గేట్ కిందుగా బయటికి ఈడుస్తుంది. ఫాస్టర్ సిటీ థర్డ్ అవెన్యూ కూడా అంతే, అక్కడ గాలీ ఎక్కువ, రాళ్లూ ఎక్కువ.

విండ్‌సర్ఫింగ్ కైట్‌కి పనికొస్తుందా అంటే సగమే. గాలి ఎటు నుంచి వస్తోంది, ఎదురుగాలికి ఏ కోణంలో వెళ్లొచ్చు అన్నది ఒంటికి తెలుస్తుంది. సెయిల్ లేపడం మాత్రం ఇక్కడ అక్కరకు రాదు.

ఫ్రీమాంట్_82:
మధ్యాహ్నాలు కుదురుతాయండీ. సెడాన్‌లో కైట్ సామానే పడుతుంది కదా. పాత కైట్ ఒకటి చవగ్గా వస్తోంది, తీసుకోమంటారా?

సామాన్ల_షెడ్:
పాఠాలయ్యేదాకా ఏదీ కొనకండి, స్కూల్ వాళ్లదే వాడండి.

ఆ తర్వాత పాత కైట్ చూసేటప్పుడు గాలి గట్టిగా నింపి ఒక రాత్రి వదిలేయండి. పొద్దునకి మెత్తబడితే బ్లాడర్‌లోనో (లోపలి గాలి సంచి) వాల్వ్ అతుకులోనో లీకుంది. బట్ట కరకరలాడకుండా పాత చొక్కాలా మెత్తగా ఉంటే ఎండకి అయిపోయినట్టే. నాలుగు తాళ్ల కొసలూ ఒకే గుంజకి తగిలించి బార్ లాగి చూడండి. బరువంతా మోసేవి ముందు తాళ్లు కాబట్టి అవి సాగుతాయి, వెనకవి పొట్టివైనట్టవుతాయి. అప్పుడు కైట్ ఎగరకుండా వెనక్కి జారిపడుతుంది, తప్పు మీదేననుకుని నెలలు పోగొట్టుకుంటారు.

విండ్‌సర్ఫింగ్ బోర్డు రెండున్నర మీటర్ల పైనే ఉంటుంది. అపార్ట్‌మెంట్లో ఉంటూ కొనడం దండగ, అద్దెకే. రెండింటికీ 4/3 మిల్లీమీటర్ల (ఒంటికి 4, చేతులు కాళ్లకి 3 మందం) వెట్‌సూట్ కావాలి, ఎండాకాలమైనా బే నీళ్లు చల్లగానే ఉంటాయి. కైట్‌కి హెల్మెట్, ఇంపాక్ట్ వెస్ట్ కూడా.

నా లెక్కలో ముందు చెరువులో మూడు నాలుగు సార్లు విండ్‌సర్ఫింగ్, మే నెలకి కైట్ పాఠాలు. వింగ్ ఫాయిల్ (చేతిలో పట్టుకునే గాలి రెక్క, అడుగున నీళ్లలో ఫాయిల్ అనే రెక్క ఉన్న బోర్డు) సంగతి కూడా ఎవరో ఒకరు ఎత్తుతారు. నీళ్ల కింద ఫాయిల్‌కి లోతు కావాలి, క్రౌన్ బీచ్‌లో ఆటుకి బురదే మిగులుతుంది. విండ్‌సర్ఫింగ్ ఫిన్ (బోర్డు అడుగున ఉండే చిన్న రెక్క) అయినా ఆ బురదలో దిగితే బోర్డు టక్కున ఆగి, మనిషి ముందుకెళ్లి పడతాడు. పాఠం బుక్ చేసే ముందు గాలి అంచనాతో పాటు టైడ్ టేబుల్ చూసుకుని, పోటు ఉన్న గంటలు అడగండి.