అప్‌డేట్: పెద్దపేగు ఎడమ వంపుకి రక్తం ఎందుకు చాలదు?

బీపీ బాగా పడిపోతే పెద్దపేగులో ప్లీహం పక్కనున్న వంపే తరచుగా ఎందుకు దెబ్బతింటుందని అడిగాను కదా, మీ జవాబులు చదివాక స్పష్టంగా అర్థమైంది, అందరికీ థాంక్స్. బృహద్ధమని నుంచి జీర్ణనాళానికి వచ్చే ముఖ్యమైన ధమనులు 3. మొదటిది సీలియాక్ ట్రంక్, జీర్ణాశయం, డుయోడినం (చిన్నపేగు మొదటి భాగం) మొదటి సగం చూసుకుంటుంది. అక్కడి నుంచి, పెద్దపేగులో అడ్డంగా వెళ్లే భాగంలో దాదాపు మూడింట రెండు వంతుల దాకా సుపీరియర్ మెసెంటెరిక్ ధమని, ఆ తర్వాత పురీషనాళం పైభాగం వరకు ఇన్ఫీరియర్ మెసెంటెరిక్ ధమని. ఈ రెండింటి కొసలు కలిసేది ఆ వంపు దగ్గరే, అంటే రెండు కాలువల చివరి పొలం లాంటి చోటు! పేగు అంచు వెంట సాగే మార్జినల్ ధమని వాటిని కలుపుతుంది, కానీ కొందరిలో అక్కడ అది మరీ సన్నగా ఉంటుంది. నాకు బాగా నచ్చింది పురీషనాళం సంగతి: దానికి కింది నుంచి ఇంటర్నల్ ఇలియాక్ (కటి భాగానికి రక్తమిచ్చే ధమని) శాఖల రక్తం కూడా అందుతుంది కాబట్టి చాలాసార్లు తప్పించుకుంటుంది.