వల కన్ను సైజు రూల్ పెట్టినా చేప చిన్నదవుతోంది, లోపం ఎక్కడ?

గట్టుమీద (ప్రశ్న)

నాలుగు ఊళ్లు కలిసి వేటాడే సరస్సు. లోపల హద్దుల్లేవు, ఎవరైనా ఎక్కడైనా వల వేయొచ్చు. గిల్ నెట్ (నీళ్లలో తెరలా నిలిపే వల) కన్ను 100 మి.మీ.కి తగ్గకూడదని మూడేళ్ల కిందట నాలుగు ఊళ్లూ ఒప్పుకున్నాయి. రేవుకొచ్చే మొత్తం బరువు అలాగే ఉంది, చేప సైజు మాత్రం ఏటేటా తగ్గుతోంది. పెద్ద తల్లిచేపలు అరుదైపోయాయి. రెండు నెలలు వేట ఆపుదామని కొందరు, చేపపిల్లల్ని తెచ్చి వదులుదామని ఇంకొందరు. ఏది ముందు?

వలకన్ను

మొత్తం బరువు చూసి నమ్మకండి, అది ఆఖరున తగ్గుతుంది. చూడాల్సింది వలకు ఎంత పడిందన్నది. 20 పడవలు, పడవకు 10 వలలు, రాత్రికి 400 కిలోలు: వలకు 2 కిలోలు. 30 పడవలు, పడవకు 15 వలలు, 450 కిలోలు: మొత్తం పెరిగింది, వలకు పడింది కిలోనే. వల పొడవు, నీళ్లలో ఉంచిన గంటలు ఒకేలా ఉంటేనే ఈ పోలిక చెల్లుతుంది. వారానికి రెండు రోజులు, రేవుకు ఐదారు పడవల లెక్క రాసుకున్నా సరిపోతుంది.

ఇక కన్ను రూల్. ఏ కొలతో రాసుకున్నారా? తడి వల కన్నును నిలువుగా లాగిపట్టి ఎదురెదురు ముడుల మధ్య కొలిచేది ఒకటి. పక్కపక్క ముడుల మధ్య దూరం ఇంకొకటి, అది మొదటిదాంట్లో సగం. ఏదో ఒకటని కాగితం మీద లేకపోతే ప్రతి తనిఖీ గొడవే.

కన్ను సరిగ్గా ఉన్నా వల కట్టిన తీరుతో రూల్ తప్పించుకోవచ్చు. లాగిపట్టి కొలిస్తే 100 మీటర్లుండే వలను 50 మీటర్ల తాడుకు కడితే చేప మొప్పల దగ్గర పట్టుబడుతుంది, అప్పుడే కన్నుకు తగ్గ సైజు పడేది. అదే వలను 30 మీటర్లకు కుదించి కడితే సంచిలా వదులుగా వేలాడుతుంది. ముళ్లు, రెక్కలు చిక్కుకుని చిన్నా పెద్దా అన్నీ వస్తాయి. రెండు మూడు వలల్ని ఒకదాని కింద ఒకటి కుట్టి లోతంతా అడ్డం కట్టడం ఇంకో ఎత్తు. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో ఈ కుట్టు వలలు పెద్ద తలనొప్పి. కాబట్టి తాడు పొడవు, వల లోతు కూడా రూల్‌లో ఉండాలి.

ఇంకోటి: మీ రూల్ గిల్ నెట్‌కే అంటున్నారు. మరి ఒడ్డుకు లాగే లాగుడు వలలు? పిల్లలు పెరిగే లోతులేని నీళ్లను ఊడ్చేసేవి అవే.

గుడ్డులెక్క

100 మి.మీ. ఎలా వచ్చింది? చాలాచోట్ల అందరూ ఒప్పుకునే అంకె పెడతారు, చేపను అడగరు. గుడ్లు పెట్టే కాలంలో ఒక్కో జాతికి ప్రతి 2 సెం.మీ. తరగతిలోనూ 30 చేపల పొట్ట కోసి చూడండి. సగం చేపలకు గుడ్లు పండి కనిపించే పొడవే మీ కనీస పొడవు. పడినవాటిలో ఎక్కువ భాగం అంతకన్నా చిన్నవైతే, అవి ఒక్కసారీ గుడ్డు పెట్టకుండా పోతున్నట్టే.

పెద్ద చేపనూ కాపాడాలి. గుడ్ల సంఖ్య సుమారుగా పొడవు ఘనంతో పెరుగుతుంది: 30 సెం.మీ. చేపకన్నా 40 సెం.మీ. చేప రెండు రెట్లకు పైగానే పెడుతుంది. విక్టోరియాలో నైల్ పెర్చ్ అనే పెద్ద చేపకు 50 నుంచి 85 సెం.మీ. మధ్యే పట్టాలని రూల్ పెట్టింది ఇందుకే. ఫిల్లెట్ (ముల్లు తీసిన చేప ముక్క) ఫ్యాక్టరీల గేటు దగ్గర దాన్ని కొలవడం తేలిక. చిన్న చేప మాత్రం ఆ గేటుకు పోకుండా వేరే సంతలకు జారుకుంది.

వేట ఆపడం మంచిదే, నెల ఎంచుకోవడం మాత్రం గుడ్లను చూసి చేయాలి, క్యాలెండర్‌ను చూసి కాదు. తెరిచిన మొదటి వారంలో అన్ని పడవలూ ఒక్కసారిగా దూకితే రెండు నెలల లాభం పది రోజుల్లో హరీ. దానికంటే వాగు కలిసే చోటు, గడ్డి ఉన్న లోతులేని నీళ్లు ఏడాదంతా మూసేసి, గుంజలు పాతి కొమ్మలు నాటండి. లాగుడు వల చిరుగుతుంది కాబట్టి కాపలా సగం ఆ కొమ్మలే చేస్తాయి.

చేపపిల్లలా? వాగు మీద అడ్డుకట్ట పడి రోహు, బొచ్చె లాంటివి ఎగువకు ఎదురెక్కి గుడ్డు పెట్టలేకపోతే తప్ప నేను డబ్బు పెట్టను. పెట్టినా 8–10 సెం.మీ. పిల్లలే; అంతకన్నా చిన్నవి మాంసాహార చేపలకు మేత.

తెడ్డు

పైవాళ్లిద్దరూ చెప్పింది సరే, కానీ అసలు లోపం అక్కడ లేదు. వలల సంఖ్యకు పరిమితి లేకుండా ఏ కన్ను రూలూ నిలవదు. వలకు పడేది తగ్గితే ఇంకో ఐదు వలలు వేస్తారు, అవీ చాలకపోతే కన్ను తగ్గిస్తారు. రూల్ పాటించినవాడు వదిలిన చేప పక్కవాడి వలలోకి పోతుంటే ఎన్నాళ్లు పాటిస్తాడు?

ఉమ్మడి వనరుల మీద 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్, టర్కీలోని అలన్యా తీరాన్ని ఉదాహరణగా చూపారు. అది సముద్రమే అయినా మీకు పనికొస్తుంది. వేట చోట్లన్నిటికీ పేర్లు పెట్టి, వాటి మధ్య వలలు అడ్డురానంత దూరం ఉంచారు. ఎవరికి ఏ చోటో సెప్టెంబర్‌లో చీటీలు వేసేవారు. జనవరి దాకా రోజూ ఒక చోటు తూర్పుకు, ఆ తర్వాత మే దాకా పడమరకు జరిగేవారు. మంచి చోటు అందరికీ వంతులవారీగా వచ్చేది. వంతు లేనివాడు వచ్చి వల వేస్తే ఆ రోజు ఆ చోటు వంతున్నవాడే పట్టుకునేవాడు, వేరే కాపలా అక్కర్లేకపోయింది.

గట్టుమీద

వలల సంఖ్య ఎలా కట్టడి చేయాలి? ఇప్పటికే ఉన్నవాళ్లను తీసేయలేం కదా.

తెడ్డు

తీసేయొద్దు, ముందు ఉన్నంతలో ఆపండి. నాలుగు ఊళ్లూ ఒకే రోజు ప్రతి వలనూ లెక్కపెట్టి, నంబరు వేసిన ప్లాస్టిక్ బిళ్లను పైతాడుకు కట్టండి. ఊరికో రంగు. బిళ్ల లేని వల నీళ్లలో కనబడితే ఎవరిదని అడగకుండా తీసేయొచ్చు. చిరిగిన వల తెచ్చిస్తేనే కొత్త బిళ్ల. తర్వాత ఏటా వలకు పడే లెక్క చూసి నాలుగు ఊళ్లకూ ఒకే శాతంలో తగ్గించండి.

లెక్కపెట్టే తేదీ మాత్రం ముందుగా చెప్పకండి. చెబితే ఆ వారం వలల కొట్టు ఖాళీ అయిపోతుంది.

వలకన్ను

బిళ్ల కట్టేటప్పుడే తాడు పొడవు, కన్ను కూడా కొలిచేయండి. మళ్లీ మళ్లీ వలలన్నీ ఒడ్డుకు తెప్పించడం కష్టం.