‘ఆత్మసంబంధమైన పాటలు’: విశేషణం మాటకా, బాణీకా?

రాక్, ర్యాప్ వంటి శైలులలో క్రైస్తవులు పాడవచ్చునా అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా, కూడదనేవారు తరచుగా చూపే ఆధారం బైబిలులో అపొస్తలుడైన పౌలు ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 5:19లోని ‘ఆత్మసంబంధమైన పాటలు’ అనే మాట. ఆత్మసంబంధమైనవి ఉన్నాయంటే లోకసంబంధమైనవీ ఉంటాయని, ఆ రెంటినీ వేరుచేసేది బాణీ అని వారి వాదం. ఇందులో మొదటి సగంతో నాకు పేచీ లేదు. రెండవ సగం మాత్రం ఆ వాక్యంలో లేదని నా అభిప్రాయం.

ఆ వచనపు గ్రీకు మూలంలో పాటలను సూచించే నామవాచకాలు మూడు: ప్సల్మోస్, హుమ్నోస్, ఓడే. మొదటిది తంతిని మీటడమనే అర్థమున్న క్రియనుండి పుట్టింది, రెండవది స్తుతిగీతం, మూడవది ఎవరు ఎందుకు పాడినా చెల్లే మామూలు పాట. ‘ఆత్మసంబంధమైన’ అనే విశేషణం వ్యాకరణ లింగాన్నిబట్టి ఈ మూడవదానితో కలుస్తుంది. చివరి పదంతో లింగం కలిపి మూడింటికీ అన్వయించడం గ్రీకు వ్యాకరణానికి సమ్మతమే కనుక, అది ఓడేకు మాత్రమే చెందుతుందని నేను పట్టుబట్టను. అయినా అంత సామాన్యమైన పదం పక్కన ఒక విశేషణం అవసరమైందంటే, ఏ పాట గురించి చెబుతున్నాడో పౌలు తేటపరచదలచాడని అనుకోవడమే సహజం.

మన తెలుగు బైబిలులో ఒక విశేషం ఉంది. ఎఫెసీ పత్రికలో ‘కీర్తనలతోను సంగీతములతోను ఆత్మసంబంధమైన పాటలతోను’ అని ఉన్న మాట, కొలొస్సయుల పత్రిక 3:16లో ‘సంగీతములతోను కీర్తనలతోను ఆత్మసంబంధమైన పద్యములతోను’ అయింది. గ్రీకులో రెండుచోట్లా అవే మూడు పదాలు, అదే వరుస. అనువాదకులను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ఇవి మూడు వేర్వేరు గాన శైలుల పేర్లని వారు తలచి ఉంటే కీర్తననూ సంగీతాన్నీ ఇంత సులువుగా తారుమారు చేసి ఉండరు. పాటను ‘పద్యము’ అన్నప్పుడైతే వారి దృష్టి బాణీ మీద కాక రచన మీదే ఉందనిపిస్తుంది.

ఇంతకన్నా బలమైన సాక్ష్యం పాత నిబంధనలోని ఆమోసు గ్రంథం 5:23. మీ పాటల ధ్వని నాయొద్దనుండి తొలగించుడని దేవుడు చెప్పే ఆ వచనంలో, ప్రాచీన గ్రీకు అనువాదం వాడిన పదాలు ఓడే, ప్సల్మోస్ అన్నవే. అంటే పౌలు పాడమన్నవాటికీ, దేవుడు వినడానికి ఇష్టపడనివాటికీ పేర్లు ఒకటే. తిరస్కారానికి కారణమేమిటో తరువాతి వచనం చూపుతుంది: న్యాయము నీళ్లవలె పారనీయుడని. అక్కడ రాగం గురించి గాని తాళం గురించి గాని ఒక్క మాట లేదు.

ఏ శైలిలోనైనా పాడవచ్చుననే అవతలి పక్షంవారూ ఒక పదం దగ్గర పొరబడ్డారని చెప్పక తప్పదు. పదహారవ శతాబ్దపు జర్మన్ మత సంస్కర్త మార్టిన్ లూథర్ మద్యశాలల పాటలను ఆరాధనలోకి తెచ్చాడని వారు తరచూ అంటారు. వారు మద్యశాల అని అర్థం చేసుకున్న ‘బార్’ అనే పదానికి జర్మన్ సంగీత పరిభాషలో అర్థం వేరు: అది మొదటి వరుస రెండుసార్లు వచ్చి, మూడవ భాగం వేరుగా నడిచే ఒక చరణ నిర్మాణం. దానికీ మద్యశాలకూ సంబంధం లేదు. జానపద వరుసను ఆయన వాడుకున్న మాట నిజమే గాని, అలా కూర్చిన ఒక క్రిస్మస్ గీతమే 1539 నాటి పాటల పుస్తకంలో ఆ జానపద వరుసకు బదులు కొత్త వరుసతో కనబడుతుంది.

ఒక సభ్యుని స్పందన: అయ్యా, మీరు 19వ వచనాన్ని 18వ వచనంనుండి విడదీశారు. ‘మద్యముతో మత్తులైయుండకుడి’ అన్న వెంటనే ‘ఆత్మ పూర్ణులైయుండుడి’ అని, ఆ తరువాతే పాటల ప్రస్తావన వస్తుంది. మనిషి తన వశం తప్పేటట్లు చేసే దరువు మద్యం పక్షాన నిలవదా? మాటలు ఎంత మంచివైనా సంగీతం తన పని తాను చేయదా?

నా సమాధానం: మీ ఆక్షేపణ న్యాయమైనది, నేను ఆ సందర్భాన్ని ముందే చెప్పవలసింది. సంగీతం నిర్జీవమైన పాత్ర కాదు, మనస్సును లోబరచుకోగలదు. ఆ భయం నాకూ ఉంది. అయితే ఆ మత్తుకు వాక్యమే చూపే విరుగుడును గమనించండి. తెలుగులో ‘హెచ్చరించుచు’ అని ఉన్నచోట గ్రీకులో ఉన్నది ‘మాట్లాడుకొనుచు’ అనే సాదా క్రియ. కొలొస్సయుల పత్రికలో దాని స్థానంలో ‘బోధించుచు, బుద్ధి చెప్పుచు’ అని వస్తుంది. పాట ఒకరితో ఒకరు చెప్పుకునే మాట అయినప్పుడు, పక్కవానికి ఆ మాట వినబడకుండా ముంచేసే వాద్యఘోష ఏ శైలిలో ఉన్నా ఈ వచనానికి విరుద్ధమే. ఆ లెక్కన పదాలు స్పష్టంగా పలికే ర్యాప్ గీతం నిలబడవచ్చు, మాటలన్నీ ఆలాపనలో కరిగిపోయే గంభీరమైన బృందగానం నిలబడకపోవచ్చు.