చారిత్రక గృహాన్ని నేషనల్ పార్క్ సర్వీస్‌కు అనుబంధంగా చేసే బిల్లు: మీ అనుభవాలు తెలుపగలరు

శ్యామల_న్యూజెర్సీ:
అందరికీ నమస్కారం. మా ఊరి చారిత్రక సంఘం నడుపుతున్న ఒక పాత ఇంటి కోసం నేను స్వచ్ఛందంగా పనిచేస్తున్నాను. ఆ ఇంటిని నేషనల్ పార్క్ సర్వీస్‌కు (అమెరికాలో జాతీయ పార్కులను, చారిత్రక స్థలాలను చూసుకునే ప్రభుత్వ సంస్థ) అనుబంధ స్థలంగా ప్రకటించేలా మా ప్రతినిధి చేత కాంగ్రెస్‌లో బిల్లు పెట్టించాలని సంఘం ఆలోచిస్తోంది. బిల్లు నెగ్గితే పైకప్పు ఖర్చు ప్రభుత్వమే భరిస్తుందని కార్యవర్గంలో కొందరు నమ్ముతుండగా, ఇల్లు మన చేయి దాటిపోతుందని మరికొందరు భయపడుతున్నారు. ఇటువంటి ఇళ్లను దగ్గరగా చూసినవారు దయచేసి చెప్పండి.

హడ్సన్_తీరం:
శ్యామల గారూ, ఆ రెండూ సరికావు. న్యూయార్క్ రాష్ట్రంలోని క్యాట్‌స్కిల్‌లో చిత్రకారుడు థామస్ కోల్ నివసించి, 1848లో కన్నుమూసిన ఇల్లు ఉంది. దానిని గ్రీన్ కౌంటీ చారిత్రక సంఘం 1998లో కొనుగోలు చేసింది, 1999లో కాంగ్రెస్ చట్టం ద్వారా అది పార్క్ సర్వీస్‌కు అనుబంధమైన జాతీయ చారిత్రక స్థలమైంది, 2001లో సందర్శకులకు తలుపులు తెరిచింది. ఈనాటికీ దాని నిర్వహణ స్థానికుల చేతిలోనే ఉంది. నేను అక్కడికి తరచుగా వెళ్తుంటాను. హాలు గోడల మీద తరువాతి కాలపు రంగుల పొరలను నిపుణులు ఓపికగా తొలగించగా, కోల్ స్వహస్తాలతో చిత్రించిన అలంకార పట్టీలు బయటపడ్డాయి. తొందరపడి కొత్త రంగు పూయకుండా అడుగున ఏముందో ముందు పరీక్షించే ఆ క్రమశిక్షణే అనుబంధ హోదా కోరేది. ఎందుకంటే అలాంటి స్థలాన్ని పార్క్ సర్వీస్ ప్రమాణాల ప్రకారమే నిర్వహించాలి.

పాత_గోడలు:
డబ్బు విషయంలో నా మాట కాస్త కఠినంగా ఉండవచ్చు. న్యూయార్క్ నగరంలో 97 ఆర్చర్డ్ స్ట్రీట్‌లోని టెనెమెంట్ మ్యూజియం భవనం 1998 చట్టంతో అనుబంధ స్థలమైంది. 1863లో కట్టిన ఆ అద్దె వాటాలలో తరతరాల వలస కుటుంబాలు బతికాయి. 1935లో యజమాని మరమ్మతులు చేయించడానికి బదులు అద్దెకున్నవారిని ఖాళీ చేయించడంతో పై అంతస్తులు దశాబ్దాల పాటు మూతపడి ఉన్నాయి, ఆ కారణంగానే వాల్ పేపర్ పొరలు చెక్కుచెదరకుండా మనకు మిగిలాయి. ఇంత పేరున్న సంస్థ కూడా టికెట్ల మీద, విరాళాల మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. సహాయం చేయడానికి చట్టం అనుమతిస్తుందే తప్ప, ఏటేటా నిధులు కేటాయించి తీరాలని నిర్బంధించదు. కార్యవర్గం ముందు ఈ సంగతి స్పష్టంగా పెట్టండి. పైకప్పుకు చందాల సేకరణ ఇప్పుడే మొదలుపెట్టండి.

రామం_వర్జీనియా:
చట్టసభల పని తీరు గురించి నాకు తెలిసింది చెబుతాను. బిల్లు ప్రతినిధుల సభలో సహజ వనరుల కమిటీకి, సెనేట్‌లో ఇంధన, సహజ వనరుల కమిటీకి వెళ్తుంది. విచారణలో పార్క్ సర్వీస్‌కు పైనున్న అంతర్గత వ్యవహారాల శాఖ తరఫున వచ్చే అధికారి, ఆ స్థలానికి అర్హత ఉందో లేదో తేల్చే అధ్యయనం పూర్తయ్యేదాకా ఆగమని కోరడం పరిపాటి. అటువంటి అధ్యయనానికి కూడా సాధారణంగా కాంగ్రెస్ అనుమతి కావాలి కాబట్టి, చాలామంది మొదటి బిల్లును కేవలం అధ్యయనం కోరుతూ పెట్టిస్తారు. రెండేళ్ల కాంగ్రెస్ గడువు ముగిసేలోగా ఆమోదం రాకపోతే బిల్లు రద్దవుతుంది, మళ్లీ మొదటి నుంచి ప్రవేశపెట్టాలి. ఒక్క ఇంటి కోసం పెట్టిన చిన్న బిల్లు విడిగా గట్టెక్కడం కష్టం. 2009లోనూ 2019లోనూ వచ్చినట్లు ఎన్నో స్థలాలను కలిపి ఒకే పెద్ద చట్టం చేసినప్పుడు మాత్రం దారి దొరుకుతుంది. అందుచేత ఓపికతో పాటు, ప్రతినిధి మారినా విషయం మరుగున పడకుండా చూసే మనుషులు సంఘంలో ఉండాలి.

శ్యామల_న్యూజెర్సీ:
ఎంతో స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. ఇరుగుపొరుగు వారికి తమ స్థలాల మీద ఆంక్షలు వస్తాయేమోనన్న అనుమానం ఉంది. అలాగే, అనుబంధంగా మొదలైన ఇల్లు ఆ తరువాత పూర్తిగా పార్క్ సర్వీస్ పరిధిలోకి వెళ్లిన సందర్భాలు ఉన్నాయా?

రామం_వర్జీనియా:
ఉన్నాయి. వాషింగ్టన్‌లో స్త్రీల ఓటు హక్కు ఉద్యమంతో ముడిపడిన సూవల్-బెల్మాంట్ గృహం 1974 నుంచి అనుబంధ స్థలంగా ఉండేది. 2016లో అధ్యక్షుడు ఒబామా దానిని పార్క్ సర్వీస్ పరిధిలోని జాతీయ స్మారకంగా ప్రకటించారు. అయితే అది తనంతట తాను జరిగే మార్పు కాదు, ఎన్ని దశాబ్దాలు గడిచినా అనుబంధంగానే కొనసాగే ఇళ్లు ఉన్నాయి. ఇరుగుపొరుగు భయానికి సంబంధించి, గుర్తించిన సరిహద్దుకు వెలుపలి ప్రైవేటు ఆస్తులకు ఈ చట్టం వర్తించదన్న వాక్యాన్ని బిల్లులోనే రాయించమని మీ ప్రతినిధి కార్యాలయాన్ని అడగండి.

హడ్సన్_తీరం:
ఒక్క మాట చేరుస్తాను. అర్హతకు జాతీయ ప్రాముఖ్యం ఒక్కటే చాలదు. మామూలు కార్యక్రమాల ద్వారా అందని ప్రత్యేక గుర్తింపో సాంకేతిక సహాయమో ఆ స్థలానికి అవసరమని చూపించాలి, దీర్ఘకాలం కాపాడతామని పార్క్ సర్వీస్‌తో లిఖితపూర్వక ఒప్పందం చేసుకోవాలి. ఈ ఒప్పందం దగ్గరే చిన్న సంఘాలు తడబడతాయి. తేమ ఎక్కిన గోడకు ఏ సున్నం వాడాలి, కలప మార్చాల్సి వస్తే ఎలా నమోదు చేయాలి వంటి ప్రశ్నలకు అనుభవజ్ఞుల సలహా దొరకడం నా దృష్టిలో ఈ హోదా ఇచ్చే అసలు మేలు. కనుక బిల్లు ముసాయిదా కంటే ముందు మీ ఇంటి ప్రస్తుత స్థితి మీద నివేదిక తయారు చేయించండి. అది చేతిలో ఉంటే అధ్యయనానికి వచ్చేవారితోనూ దాతలతోనూ మాట్లాడటం సులువవుతుంది.